ఫ్లోరిడా ఫలితాల్లో ఏడో పేరు: షిర్లీ చిజమ్ జీవితం

1972 మార్చి 14న అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో డెమోక్రటిక్ పార్టీ ప్రైమరీ ఎన్నిక జరిగింది. లెక్క తేలేసరికి మొదటి స్థానంలో నిలిచినవాడు అలబామా గవర్నర్ జార్జ్ వాలెస్. నల్లజాతి విద్యార్థులు అడుగుపెట్టకూడదని 1963లో అలబామా యూనివర్సిటీ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డ మనిషి. అతనికి దాదాపు 42 శాతం ఓట్లు వచ్చాయి. తర్వాత వరసగా హ్యూబర్ట్ హంఫ్రీ, హెన్రీ జాక్సన్, ఎడ్మండ్ మస్కీ, జాన్ లిండ్సే, జార్జ్ మెక్‌గవర్న్. ఏడో పేరు షిర్లీ చిజమ్. ఆమెకు పడినవి సుమారు 44 వేల ఓట్లు. అంటే మూడున్నర శాతం.

అధ్యక్ష పదవికి డెమోక్రటిక్ పార్టీ టికెట్ కోసం పోటీపడిన మొదటి నల్లజాతి మహిళ ఆమె. అమెరికాలో ప్రైమరీ ముగిసిన మర్నాడు గెలిచినవాళ్లెవరు, ఓడినవాళ్లెవరు అని రెండు జాబితాలు వేయడం ఒక ఆనవాయితీ. ఆ లెక్కన చిజమ్ ఓడినవాళ్లలో దిగువన ఉంటారు. ఆ దిగువ పేరు గురించే మేం ఇక్కడ రాస్తున్నాం. దానికి కారణం ఉంది. మన దగ్గర దళితులు సొంతంగా పోటీకి దిగిన ప్రతిసారీ ఒకే మాట వినిపిస్తుంది. గెలవలేని చోట నిలబడి ఓట్లు చీలుస్తున్నారని. ఆ మాటను చిజమ్ మనకంటే గట్టిగా, అదీ తనవాళ్ల నోటి నుంచే విన్నారు. విన్నాక కూడా వెనక్కి తగ్గలేదు. దానివల్ల ఏం పోయింది, ఏం మిగిలింది అన్నది మనకు పనికొచ్చే లెక్క.

టికెట్ ఇచ్చేది ఎవరు?

మన దేశంలో పార్టీ టికెట్ హైకమాండ్ చేతిలో ఉంటుంది. బీ-ఫాం ఎవరికి ఇస్తారో చివరి రోజు దాకా తెలియదు. అమెరికాలో పద్ధతి వేరు. పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చడానికి ఒక్కో రాష్ట్రంలో ముందు పార్టీ ఓటర్ల మధ్య ఎన్నిక జరుగుతుంది. అదే ప్రైమరీ. అందులో వచ్చిన ఓట్లను బట్టి డెలిగేట్లు దక్కుతారు. ఆ డెలిగేట్లు వేసవిలో పార్టీ మహాసభలో కూడి అభ్యర్థిని ఖరారు చేస్తారు. 1968 దాకా చాలా రాష్ట్రాల్లో ఈ డెలిగేట్లను పార్టీ పెద్దలే నాలుగు గోడల మధ్య ఎంపిక చేసేవారు. 1968 చికాగో మహాసభ గొడవల తర్వాత డెమోక్రటిక్ పార్టీ నియమాలు మార్చింది. డెలిగేట్లలో మహిళలకు, నల్లజాతివారికి, యువతకు తగిన చోటుండాలని చెప్పింది. 18 ఏళ్లకే ఓటు హక్కు కూడా 1971లో వచ్చింది. అందుకే 1972 ప్రైమరీలు అంతకుముందు వాటిలాంటివి కావు. తలుపు కాస్త తెరుచుకుంది. అందులోంచి లోపలికి నడిచినవాళ్లలో చిజమ్ ఒకరు.

ప్రైమరీలలో తొలి ఎన్నికలకు ఒక విచిత్ర లక్షణం ఉంది. ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలిచినట్టని చెప్పలేం. ఫ్లోరిడాకు వారం ముందు న్యూ హాంప్‌షైర్‌లో మస్కీకి 46 శాతం, మెక్‌గవర్న్‌కు 37 శాతం వచ్చాయి. లెక్క ప్రకారం గెలుపు మస్కీది. కానీ పక్క రాష్ట్రం మనిషికి సగం ఓట్లు కూడా రాలేదని పత్రికలు అతన్ని ఓడినవాళ్లలో రాశాయి. రెండో స్థానంలో ఉన్న మెక్‌గవర్న్‌ను గెలిచినవాడన్నాయి. గెలుపోటములను ఓట్లతో పాటు, ఎవరి నుంచి ఎంత ఆశించారన్నది కూడా నిర్ణయిస్తుంది. మరి ఎవరూ ఏమీ ఆశించని అభ్యర్థి సంగతి?

బ్రూక్లిన్, బార్బడోస్, మళ్లీ బ్రూక్లిన్

షిర్లీ అనితా సెయింట్ హిల్ 1924 నవంబర్ 30న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టారు. తండ్రి చార్లెస్ బ్రిటిష్ గయానా నుంచి వచ్చిన కార్మికుడు, గోనెసంచుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. తల్లి రూబీ సీల్ బార్బడోస్ నుంచి వచ్చి కుట్టుపని చేసేది, ఇళ్లల్లో పనికి కూడా వెళ్లేది. ఇద్దరూ రెక్కాడితేగానీ గడవని స్థితి. పిల్లల్ని చూసుకునేవాళ్లు లేరు. షిర్లీ చిన్నపిల్లగా ఉండగానే చెల్లెళ్లతో పాటు ఆమెను బార్బడోస్‌లో అమ్మమ్మ ఎమలీన్ దగ్గరికి పంపేశారు.

ఆ పల్లెలో ఒకటే గది ఉన్న బడిలో చదువు. పొలం పని, నీళ్లు మోయడం, కోళ్లకు మేత వేయడం. అమ్మమ్మ ఎత్తయిన మనిషి, కచ్చితమైన మనిషి. వెన్ను నిటారుగా పెట్టి నిలబడటం అక్కడే నేర్చుకున్నానని షిర్లీ తర్వాత గుర్తుచేసుకునేవారు. బడిలో పంతుళ్లు నల్లవాళ్లే. కొట్లు నడిపేవాళ్లలో, ఊళ్లో ఉద్యోగాలు చేసేవాళ్లలో కూడా నల్లవాళ్లు కనిపించేవారు. నువ్వు తక్కువదానివని చిన్నతనంలో రోజూ చెప్పే గొంతు అక్కడ ఆమె చెవిన పడలేదు. మనలో చాలామందికి దొరకనిది ఆమెకు దొరికిన చోటు అది.

1934లో తిరిగి బ్రూక్లిన్ వచ్చారు. తండ్రి పెద్దగా చదువుకోలేదు కానీ రోజూ పత్రికలు తిరగేసేవాడు. మార్కస్ గార్వీ అభిమాని. కార్మిక సంఘం మనిషి. భోజనాల బల్ల దగ్గర రాజకీయాలే మాటలు. 1942లో హైస్కూలు పూర్తయింది. దూరంలో ఉన్న పెద్ద కాలేజీల్లో సీటు వచ్చినా ఉండటానికి, తినడానికి డబ్బు లేక ఇంటి నుంచి వెళ్లి వచ్చే బ్రూక్లిన్ కాలేజీలో చేరారు. అక్కడ డిబేట్లలో మెరిశారు. రాజకీయాల్లోకి రమ్మని ఒక ప్రొఫెసర్ సలహా ఇస్తే, నేను నల్లదాన్ని, పైగా ఆడదాన్ని, ఆ సంగతి మరిచారా అన్నట్టు జవాబిచ్చారు. 1946లో పట్టా తీసుకుని, పిల్లల బడిలో టీచరమ్మగా చేరారు. ఉద్యోగం చేస్తూనే కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీలో ఎం.ఎ. చేశారు. అదే కొలంబియాలో 1913 నుంచి 1916 దాకా మన బాబాసాహెబ్ చదువుకున్నారు.

1949లో జమైకా నుంచి వచ్చిన కాన్రాడ్ చిజమ్‌తో పెళ్లయింది. 1950లలో మాన్‌హట్టన్‌లో ఒక శిశు సంరక్షణ కేంద్రానికి డైరెక్టర్‌గా పనిచేశారు. పనికి వెళ్లే తల్లులు పొద్దున్నే పిల్లల్ని దింపి, చీకటి పడ్డాక తీసుకెళ్లే చోటు అది. ఆమె తర్వాత చేసిన రాజకీయాలకు వేరు అక్కడే ఉంది.

సిగార్ పెట్టెల నుంచి అసెంబ్లీకి

అప్పట్లో బ్రూక్లిన్‌లో డెమోక్రటిక్ పార్టీ అంటే వార్డు క్లబ్బులే. ఓట్లు నల్లవాళ్లవి, పెత్తనం తెల్లవాళ్లది. క్లబ్బులో ఆడవాళ్లకు ఇచ్చిన పని ఏటా విరాళాల కోసం లాటరీ నడపడం. టికెట్లు, డబ్బులు పెట్టుకునే సిగార్ పెట్టెలకు రంగు కాగితాలు అంటించి అందంగా తయారుచేసే పని షిర్లీకి పడింది. ఆడవాళ్లు తెచ్చిన డబ్బుతో క్లబ్బు నడుస్తుంది, కానీ ఆ పని చేయడానికి ఖర్చులకు వాళ్లే తంటాలు పడాలి. అదేం న్యాయమని ఆమె మిగతా ఆడవాళ్లను కూడగట్టి క్లబ్బు ఖజానా నుంచి డబ్బు రాబట్టారు. మా వీధుల్లో చెత్త ఎందుకు ఎత్తడం లేదు, పోలీసు కాపలా ఎందుకు లేదు అని సమావేశాల్లో లేచి అడిగేవారు. నోరు మూయించడానికి ఆమెను కమిటీలోకి తీసుకున్నారు. అక్కడా అడగడం మానలేదని తీసేశారు. మన పార్టీ ఆఫీసుల్లో ఎస్సీ సెల్ పేరుతో మూల కుర్చీ వేసే పద్ధతి చూసినవాళ్లకు ఇది కొత్త కథ కాదు.

వెస్లీ హోల్డర్ అనే గయానా మూలాలున్న వ్యూహకర్త దగ్గర ఆమె ఎన్నికల పని నేర్చుకున్నారు. ఇంటింటికీ తిరగడం, సంతకాలు సేకరించడం, ఓటరు జాబితా చేతిలో పెట్టుకుని లెక్క చూడటం. 1964లో న్యూయార్క్ రాష్ట్ర అసెంబ్లీకి గెలిచారు. అక్కడ ఆమె తెచ్చిన ముఖ్యమైన చట్టాలు రెండు. పేద పిల్లలు ప్రభుత్వ యూనివర్సిటీలో చేరి నిలదొక్కుకోవడానికి సాయం చేసే సీక్ పథకం ఒకటి. ఇళ్లల్లో పనిచేసేవాళ్లకు నిరుద్యోగ భృతి వర్తింపజేసే చట్టం ఇంకొకటి. తల్లి చేసిన పనిని కూతురు మరచిపోలేదు.

చెట్లు లేని చోటు నుంచి అడవుల కమిటీకి

కోర్టు తీర్పుల దరిమిలా బ్రూక్లిన్‌లో నియోజకవర్గాల గీతలు మారాయి. నల్లజాతి జనం ఎక్కువగా ఉండే బెడ్‌ఫర్డ్ స్టైవెసంట్ ప్రాంతం కలిసేలా 12వ కాంగ్రెస్ నియోజకవర్గం ఏర్పడింది. 1968లో చిజమ్ దానికి పోటీచేశారు. నన్ను ఎవరూ కొనలేదు, నా మీద ఏ పెద్దమనిషి పెత్తనమూ లేదు అన్నదే ఆమె నినాదం. పార్టీ ప్రైమరీలో వెయ్యికి లోపు ఓట్ల తేడాతో గెలిచారు. అసలు పోటీలో ఎదురు నిలిచింది జేమ్స్ ఫార్మర్. పౌరహక్కుల ఉద్యమంలో దేశమంతా తెలిసిన నాయకుడు. వాషింగ్టన్‌లో గట్టి మగగొంతు కావాలన్న ధోరణిలో అతని ప్రచారం సాగింది. చిజమ్ ఓటరు జాబితా తెరిచి చూశారు. ఆ నియోజకవర్గంలో మగ ఓటర్ల కంటే ఆడ ఓటర్లు ఎక్కువ. ఆపరేషన్ చేయించుకుని మంచం దిగిన కొద్ది రోజులకే మైకు బండి ఎక్కారు. ప్యూర్టోరికన్ వీధుల్లో స్పానిష్‌లో మాట్లాడారు. ఫార్మర్‌కు వచ్చిన ఓట్లకు రెట్టింపు పైగా తెచ్చుకున్నారు. అమెరికా ప్రతినిధుల సభలో మొదటి నల్లజాతి మహిళ అయ్యారు.

సభ పెద్దలు ఆమెను వ్యవసాయ కమిటీలో వేశారు. అందులోనూ అడవులు, పల్లెల ఉపసంఘం. ఆమె నియోజకవర్గంలో ఉన్నవి ఇరుకు అపార్ట్‌మెంట్లు, పగిలిన కాలిబాటలు. కొత్త సభ్యులు ఇచ్చింది పుచ్చుకోవాలన్నది అక్కడి రివాజు. ఆమె సభలో లేచి అభ్యంతరం చెప్పి, కమిటీ మార్పించుకున్నారు. మాజీ సైనికుల కమిటీకి వెళ్లారు. మా ప్రాంతంలో చెట్లకంటే మాజీ సైనికులే ఎక్కువని చమత్కరించారు. తర్వాత విద్య, కార్మిక కమిటీలోకి చేరారు. ఆఫీసులో ఉద్యోగులుగా ఆడవాళ్లనే తీసుకున్నారు. వాళ్లలో సగం మంది నల్లజాతివారు. 1971లో నల్లజాతి సభ్యుల కాకస్‌ ఏర్పడినప్పుడు, మహిళల రాజకీయ కాకస్‌ ఏర్పడినప్పుడు రెండింటికీ ఆమె వ్యవస్థాపక సభ్యురాలు. మరుసటి ఏడాది ఆ రెండూ ఆమెకు ఎంత అండగా నిలిచాయో ఇప్పుడు చూద్దాం.

అనుమతి అడగని అభ్యర్థి

1971లో నల్లజాతి నాయకులు వరుసగా సమావేశమయ్యారు. వచ్చే అధ్యక్ష ఎన్నికలో ఏం చేయాలన్నది చర్చ. ఒక్క నల్లజాతి అభ్యర్థిని దేశమంతా నిలబెట్టాలా, ఒక్కో రాష్ట్రంలో ఒక్కో స్థానిక నాయకుణ్ని నిలబెట్టి మహాసభలో బేరం ఆడాలా, లేక గెలిచేలా ఉన్న తెల్ల అభ్యర్థితో ముందే ఒప్పందం చేసుకోవాలా? తేలలేదు. చర్చ నడుస్తుండగానే 1972 జనవరి 25న బ్రూక్లిన్‌లోని కాంకర్డ్ బాప్టిస్ట్ చర్చిలో చిజమ్ పోటీ ప్రకటించారు. నేను కేవలం నల్లవాళ్ల అభ్యర్థిని కాను, కేవలం ఆడవాళ్ల అభ్యర్థిని కాను, ఈ దేశ ప్రజల అభ్యర్థిని అన్నది ఆమె ప్రకటన సారాంశం.

చాలామంది నాయకులకు కోపం వచ్చింది. మమ్మల్ని అడగకుండా ఎలా దిగిందన్నారు. ఆడవాళ్ల అభ్యర్థి తప్ప మన అభ్యర్థి కాదన్నారు. ఫ్లోరిడా ఎన్నికకు రెండు రోజుల ముందే ఇండియానా రాష్ట్రం గ్యారీ నగరంలో జాతీయ నల్లజాతి రాజకీయ మహాసభ ముగిసింది. వేలమంది వచ్చిన ఆ సభ ఎవరికీ మద్దతు ప్రకటించలేదు. పోటీలో ఉన్న ఏకైక నల్లజాతి అభ్యర్థికి కూడా.

మహిళా ఉద్యమంలోనూ అంతే. బెట్టీ ఫ్రీడన్ లాంటివాళ్లు ఆమె తరఫున డెలిగేట్లుగా నిలబడ్డారు. కానీ మహిళా నాయకుల్లో ఎక్కువమంది చిజమ్‌ను మెచ్చుకుంటూనే గెలిచేది మెక్‌గవర్న్ అని అటు మొగ్గారు. మెచ్చుకోలు ఒకరికి, ఓటు ఇంకొకరికి. నల్లదాన్నయినందుకంటే ఆడదాన్నయినందుకే ఎక్కువ వివక్ష చూశానని ఆమె జీవితాంతం చెప్పారు. ఆ మాట మనలో కొందరికి నచ్చకపోవచ్చు. దళిత స్త్రీలను అడిగితే ఇళ్లలో, సంఘాల్లో ఇలాంటి అనుభవాలు చాలానే చెబుతారు.

ఫ్లోరిడాలో ఏం జరిగింది

ఆ ఏడాది ఫ్లోరిడాలో ఎన్నికంతా బస్సుల చుట్టూ తిరిగింది. నల్లపిల్లలు, తెల్లపిల్లలు విడివిడి పేటల్లో ఉండేవారు కాబట్టి బడులూ విడివిడిగానే ఉండిపోయాయి. పిల్లల్ని బస్సుల్లో వేరే పేటల బడులకు పంపి కలపవచ్చని 1971లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. తెల్ల తల్లిదండ్రులు భగ్గుమన్నారు. ప్రైమరీ రోజునే ఫ్లోరిడా ఓటర్లను దీని మీద అభిప్రాయం కూడా అడిగారు. దాదాపు నాలుగింట మూడొంతుల మంది బస్సులు వద్దన్నారు. అదే బ్యాలెట్‌లో పిల్లలందరికీ సమాన విద్యావకాశాలు ఉండాలా అని అడిగితే అంతకంటే ఎక్కువమంది ఉండాలన్నారు. సమానత్వం కావాలి, మా బడిలో మాత్రం వద్దు. ఈ తర్కం మనకు బాగా తెలుసు. రిజర్వేషన్ల గురించి, హాస్టళ్ల గురించి, దళిత మహిళ వండిన మధ్యాహ్న భోజనం గురించి మాట వచ్చినప్పుడల్లా వింటూనే ఉన్నాం.

వాలెస్ ఆ కోపాన్నే పెట్టుబడి చేసుకున్నాడు. మిగతా అభ్యర్థుల్లో జాక్సన్ బస్సులకు వ్యతిరేకంగా నిలబడ్డాడు. ఇంకొందరు అటూ ఇటూ కాకుండా నసిగారు. రాష్ట్ర గవర్నర్ రూబిన్ ఆస్క్యూ మాత్రం నష్టమని తెలిసినా బస్సులను సమర్థించాడు. చిజమ్ వేసిన ప్రశ్న వేరు. బస్సులు ఆమెకూ గొప్ప పరిష్కారంగా అనిపించలేదు. పేటలే కలవాలన్నది ఆమె వాదన. కానీ దశాబ్దాలుగా నల్లపిల్లల్ని పక్కనే ఉన్న తెల్లబడి దాటించి మైళ్ల దూరంలోని నాసిరకం బడికి బస్సుల్లో తోలుతుంటే మీరంతా ఎక్కడున్నారని తెల్ల సభికుల ముఖం మీదే అడిగారు. అంతమంది అభ్యర్థులున్న ఆ ఎన్నికలో ఆ ప్రశ్నను అంత సూటిగా వేసింది ఆమే.

ఆమె దగ్గర డబ్బు లేదు. దేశం మొత్తం ప్రచారానికి ఖర్చయింది సుమారు 3 లక్షల డాలర్లు. పెద్ద అభ్యర్థులు దానికి ఎన్నో రెట్లు ఖర్చుపెట్టారు. ఆమెకున్నది కార్యకర్తలు. వాళ్లలో తెల్ల మహిళా సంఘాలవాళ్లు, నల్లజాతి యువకులు, విద్యార్థులు ఉన్నారు. వాళ్లలో వాళ్లకు పడేది కాదు. పెత్తనం ఎవరిదన్న గొడవలతో ఫ్లోరిడాలో పని దెబ్బతింది. పైగా ఆమె నగరం మేయరే అయిన లిండ్సే కూడా అదే రాష్ట్రంలో నల్లజాతి ఓట్ల కోసం, ఉదారవాద ఓట్ల కోసం డబ్బు గుమ్మరించాడు. ఓట్లు చీల్చారన్న నింద లిండ్సే కంటే చిజమ్ మీదే ఎక్కువగా పడింది. ఆమె లేకపోయి ఆ మూడున్నర శాతం అంతా రెండో స్థానంలో ఉన్న హంఫ్రీకి వెళ్లినా, వాలెస్ అతనికి రెండింతలకు దగ్గరగానే ఉండేవాడు. ఆ రాష్ట్రంలో 81 మంది డెలిగేట్లలో 75 మందిని వాలెస్ గెలుచుకున్నాడు. చిజమ్‌కు ఒక్కరూ దక్కలేదు.

గెలిచినవాళ్లు ఏమయ్యారు

ఫ్లోరిడా లెక్కలో ఓడినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది మస్కీ. పార్టీ పెద్దలంతా వెనకున్నా నాలుగో స్థానం. ఏప్రిల్ చివరికల్లా ప్రచారం ఆపేశాడు. లిండ్సే అంతకుముందే, విస్కాన్సిన్ ఫలితం చూసి తప్పుకున్నాడు. ఫ్లోరిడాలో ఆరో స్థానంలో ఉన్న మెక్‌గవర్న్ చివరికి పార్టీ టికెట్ గెలిచాడు. నవంబర్‌లో నిక్సన్ చేతిలో 49 రాష్ట్రాల్లో ఓడిపోయాడు. అంత ఘనంగా గెలిచిన నిక్సన్ 1974 ఆగస్టులో వాటర్‌గేట్ కుంభకోణంలో రాజీనామా చేసి ఇంటికి పోయాడు. మార్చి 15 ఉదయం వేసిన జాబితా రెండున్నరేళ్లు తిరిగేసరికి ఇలా ఉంది.

ఏడో పేరు మాత్రం చివరిదాకా పోటీలో ఉంది. ఏప్రిల్‌లో బ్లాక్ పాంథర్ పార్టీ చిజమ్‌కు మద్దతు ప్రకటించింది. ఆ మద్దతు వద్దనమని కొందరు సలహా ఇచ్చారు. ఆమె వద్దనలేదు. నార్త్ కరోలినాలో ఏడున్నర శాతం ఓట్లు తెచ్చుకున్నారు. టీవీ చానెళ్లు పెద్ద అభ్యర్థుల చర్చలకు మాత్రమే చోటిస్తుంటే ఫిర్యాదు చేసి పోరాడి సమయం సాధించారు. కాలిఫోర్నియాలో లక్షన్నరకు పైగా ఓట్లు వచ్చాయి. న్యూజెర్సీలో డెలిగేట్లతో సంబంధం లేని అభిప్రాయ ఓటింగులో మొదటి స్థానంలో నిలిచారు. అక్కడ పెద్ద అభ్యర్థులు బరిలో లేరన్నదీ నిజమే. మొత్తం ప్రైమరీలలో ఆమెకు పడినవి 4 లక్షల 30 వేల ఓట్లు.

జులైలో మయామీ బీచ్‌లో మహాసభ జరిగింది. ఎన్నికల ముందు అండగా ఉంటామన్నవాళ్లలో కొందరు అక్కడికొచ్చాక మెక్‌గవర్న్ వైపు జరిగిపోయారు. హంఫ్రీ తప్పుకుంటూ తన నల్లజాతి డెలిగేట్లను ఆమెకు ఓటేయవచ్చని వదిలేశాడు. చిజమ్ పేరుకు 152 ఓట్లు పడ్డాయి. నాలుగో స్థానం. అది కూడా ఫ్లోరిడాలోనే, ఒక్క డెలిగేట్ కూడా ఇవ్వని రాష్ట్రంలోనే.

ఆసుపత్రి గది, పనిమనిషి కూలి

మే 15న మేరీలాండ్‌లో ప్రచారంలో ఉన్న వాలెస్ మీద ఒకడు కాల్పులు జరిపాడు. ప్రాణం మిగిలింది కానీ నడుము కింద చచ్చుబడింది. చిజమ్ ప్రచారం పక్కనపెట్టి ఆసుపత్రికి వెళ్లి పరామర్శించారు. సొంత నియోజకవర్గం ఆమె మీద మండిపడింది. మనల్ని మనుషులుగా చూడనివాడి మంచం పక్కన కూర్చుంటావా అని. ఆ ఒక్క పనితో బ్రూక్లిన్‌లో తన సీటు పోతుందేమోనన్న భయం కూడా కలిగింది.

శత్రువును క్షమించిన గొప్ప మనసు కథగా దీన్ని చాలామంది చెబుతారు. మాకు అంతకంటే ముఖ్యమనిపించేది తర్వాతి సంగతి. ఇళ్లల్లో పనిచేసేవాళ్లకు కనీస వేతన చట్టం వర్తింపజేయాలని చిజమ్ సభలో పోరాడుతున్నారు. 1938లో ఆ చట్టం వచ్చినప్పుడు ఇంటి పనివాళ్లను, పొలం కూలీలను బయటే వదిలేశారు. దక్షిణాదిన ఆ పనులు చేసేది ఎక్కువగా నల్లవాళ్లే కావడం, దక్షిణాది తెల్ల నాయకుల ఓట్లు లేకుండా చట్టం గట్టెక్కకపోవడం అందుకు కారణమని చరిత్రకారులు రాశారు. 1974లో సవరణ గెలిచింది. ఇంటి పనివాళ్లకు కనీస వేతనం హక్కయింది. దక్షిణాది సభ్యుల ఓట్లు కూడగట్టడానికి వాలెస్ సాయపడ్డాడని ఆమె తర్వాత చెప్పారు. రూబీ సీల్ కూతురు పరాయి ఇళ్లల్లో గిన్నెలు తోమే లక్షలమంది ఆడవాళ్ల జీతాన్ని చట్టంలోకి ఎక్కించింది. మన దేశంలో ఇంటి పనివాళ్ల కోసం ఒక సమగ్ర జాతీయ చట్టం కోసం సంఘాలు ఇంకా అడుగుతూనే ఉన్నాయి.

మన ప్రైమరీ

ప్రైమరీ అనే మాట మనకు పరాయిది కాదు. 1932 సెప్టెంబర్ 24న ఎరవాడలో కుదిరిన పూనా ఒడంబడికలోనే అది ఉంది. అంటరాని కులాలకు ప్రత్యేక నియోజకవర్గాలు పోయి, రాష్ట్ర శాసనసభల్లో 148 రిజర్వుడు సీట్లు వచ్చాయి. తెలుగు జిల్లాలు కలిసి ఉన్న మద్రాసు రాష్ట్రానికి అందులో 30. ప్రతి సీటుకూ రెండంచెల ఎన్నిక. మొదట అంటరాని కులాల ఓటర్లు మాత్రమే ఓటేసి నలుగురిని ఎంచుకోవాలి. ఆ నలుగురిలో ఒకరిని అన్ని కులాల ఓటర్లూ కలిసి గెలిపించాలి. అంటే మనవాళ్ల ఓటింగులో నాలుగో స్థానంలో ఉన్నవాడు కూడా పై కులాల ఓట్లతో సభకు వెళ్లవచ్చు. మనవాళ్లు మొదట నిలబెట్టినవాడు ఇంట్లో కూర్చోవచ్చు. 1945-46 ఎన్నికల్లో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ మొదటి అంచెలో బలం చూపించి, రెండో అంచెలో దెబ్బతింది. ఈ అన్యాయాన్నే అంబేడ్కర్ 1946లో క్యాబినెట్ మిషన్ ముందు పెట్టారు.

ఇప్పుడు ఆ మొదటి అంచె కూడా లేదు. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 29, తెలంగాణలో 19 ఎస్సీ సీట్లున్నాయి. వాటిలో ప్రధాన పార్టీల టికెట్ ఎవరికో తేల్చేది ఎక్కువగా మనం కాదు. అందుకే సొంతంగా నిలబడేవాళ్ల లెక్క వేరుగా చూడాలంటున్నాం. గెలిచారా ఓడారా అన్నది ఒక ప్రశ్న. వాళ్లు నిలబడకపోతే ఏ ప్రశ్న బ్యాలెట్ దాకా వచ్చేది కాదు అన్నది రెండోది. ఫ్లోరిడాలో నల్లపిల్లల బస్సు ప్రశ్న అలాంటిదే.

చిజమ్ దారిలో లోపాలున్నాయి. కార్యకర్తల మధ్య తగవులు తీర్చలేకపోయారు. పోటీకి ముందు తనవాళ్లను కలుపుకోలేదన్న విమర్శలో కొంత నిజముంది. ఉన్న కాస్త డబ్బుతో మరీ ఎక్కువ రాష్ట్రాల్లో తిరిగారు. వాటి నుంచి మనం నేర్చుకోవాల్సింది సన్నాహం గురించి. నిలబడొద్దన్న సలహాకు అవి సమర్థన కావు. బ్లాక్ పాంథర్లు ఆమెకు మద్దతు పలికిన 1972లోనే, ఆ పాంథర్ల పేరునే ప్రేరణగా తీసుకుని బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది. ఎవరి అనుమతీ అడగని తరం రెండు ఖండాల్లో ఒకేసారి లేచింది.

చివరి రోజులు

చిజమ్ 1983 జనవరి దాకా, ఏడు దఫాలు కాంగ్రెస్‌లో ఉన్నారు. కాన్రాడ్‌తో విడాకుల తర్వాత 1977లో ఆర్థర్ హార్డ్‌విక్‌ను పెళ్లాడారు. కాంగ్రెస్ వదిలాక మౌంట్ హోలియోక్ కాలేజీలో పాఠాలు చెప్పారు. 1984లో, 1988లో జెస్సీ జాక్సన్ అధ్యక్ష టికెట్‌కు పోటీపడినప్పుడు అతని వెంట నిలిచారు. తనకు 1972లో దొరకని అండ అది. 1972లో ఆమె ప్రచారంలో పనిచేసిన కాలేజీ విద్యార్థిని బార్బరా లీ తర్వాత కాలిఫోర్నియా నుంచి కాంగ్రెస్‌కు వెళ్లారు. చిజమ్ కోసమే మొదటిసారి ఓటరుగా పేరు నమోదు చేయించుకున్న మనిషి ఆవిడ.

1993లో క్లింటన్ ఆమెను జమైకా రాయబారిగా ప్రతిపాదించాడు. ఆరోగ్యం బాగాలేక వద్దన్నారు. 2005 జనవరి 1న ఫ్లోరిడాలోని ఆర్మండ్ బీచ్‌లో, 80 ఏళ్ల వయసులో కన్నుమూశారు. తనను ఏడో స్థానంలో నిలబెట్టిన రాష్ట్రంలోనే చివరి ఏళ్లు గడిపారు. బఫలోలో ఆమె సమాధి మీద 1968 నాటి నినాదమే చెక్కి ఉంది, ఎవరూ కొనలేదని, ఎవరి పెత్తనమూ లేదని. 2015లో ఒబామా ఆమెకు దేశ అత్యున్నత పౌర పురస్కారం ఇచ్చాడు. పదేళ్ల ముందే పోయిన మనిషికి.

త్వరలో ఏదో ఒక ఊళ్లో, ఏదో ఒక జనరల్ వార్డులో మన ఆడబిడ్డ ఒకతె నామినేషన్ పత్రం చేతిలో పట్టుకుని నిలబడుతుంది. ఓట్లు చీలుతాయమ్మా, వద్దు అని చెప్పడానికి చాలామంది వస్తారు, వాళ్లలో మనవాళ్లూ ఉంటారు. ఆ మాట చెప్పేముందు ఆమె ఏ ప్రశ్న అడగడానికి నిలబడుతోందో ఒక్కసారి అడగండి. ఆ ప్రశ్నను అడిగే అభ్యర్థి ఇంకెవరైనా ఆ వార్డులో ఉంటే చూపించండి. లేకపోతే ఆమె దరఖాస్తు మీద ప్రతిపాదకులుగా సంతకం చేయండి.